వామనమూర్తి కొలతలు

మంగతాయారు కడుపు పదకొండు రోజులుగా గుండెజల్లు మీద కాపురం ఉంటోంది.

గుండెజల్లు అంటే తణుకు అవతల, హైవే పక్కన, 'కేరింతల లోకం' అనే వినోదవనంలో ఉన్న రోలర్ కోస్టర్. నూట ఇరవై అడుగుల ఇనపకొండ. రైలు దాని నెత్తి మీదికి టకటకమంటూ పాకి, ఒక్క క్షణం ఆలోచించి, కిందికి పడుతుంది. ఆ ఆదివారం లేడీస్ టైలర్ల సంఘంతో పాటు మంగతాయారు కూడా పడింది. మనిషి మూడు సెకన్లలో కిందికొచ్చేసింది. కడుపుది మొదట్నుంచీ నిదానమైన స్వభావం. అది పైనే ఉండిపోయింది.

రోడ్డు మీంచి చూస్తే కనిపిస్తుంది కూడా. కొండ కొసన, ఇనప కమ్మీకి గబ్బిలాల్లా వేలాడే వందల కడుపుల్లో ఎడంనించి తొమ్మిదోది ఆమెది. ఆ పొద్దున తిన్న పులిహోర ఇంకా అందులోనే ఉంది.

టేపు అబద్ధమాడదు. ముప్ఫై నాలుగున్న నడుం ఇరవై రెండు చూపిస్తోంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే తిన్నగా ఒళ్ళో పడుతోంది. ఆకలి పోయింది, ఆకూ పోయింది, ఆకు తర్వాత వేసుకునే వక్కా పోయింది. కడుపుమంట మాత్రం పోలేదు. ఉండడానికి కడుపు లేదు గనక, మంట కుడిచేతిలోకి ఇల్లు మారింది. పదకొండు రోజులుగా ఆమె ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వెయ్యడం లేదు.

"అప్పుడే కక్కేసుంటే పోయేది తాయారూ," అంటాడు మొగుడు.

కక్కితే పోయేది కాదు కక్ష. పన్నెండో రోజు పొద్దున ఆమె టేపు మెళ్ళో వేసుకుని, బ్లేడు ముక్క పర్సులో పెట్టుకుని, బస్సెక్కుతుంది.

బస్సులో అందరూ అక్కడికే. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఒంటి తూకం గుండెజల్లు రెండో మలుపులో పారేసుకున్నాడు. ఆయన ఎటు ఒరిగితే బస్సు అటు ఒరుగుతోంది. ఒక కొత్తకోడలి మెడ ఇంకా ఆ మలుపులోనే ఉంది. బస్సు కుడికి తిరిగితే ఆమె ఎడమకి తిరుగుతోంది. అంతా ఒకప్పుడు తలకిందులుగా తిరగబడ్డవాళ్ళే. కానీ తిరగబడ్డవాళ్ళందరూ తిరగబడరు.

గుండెజల్లు దగ్గర బెల్టులు బిగించే లోవరాజు యాభై దాటిన మనిషి. ఎనిమిదేళ్ళుగా వింటున్న కేకలతో అతని చెవులు నిండిపోయాయి. తల వంచి, కుడిచెవిలోంచి రెండు కేకలు ఒంపేసుకుంటే గానీ మూడో మాటకి చోటుండదు.

"నా కడుపు కోసం వచ్చానండి."

"టోకెన్ ఉందాండి?"

"కడుపుకి టోకెన్ ఇచ్చారా మీరు?"

"ఇవ్వమండి. చెప్పులకీ కళ్ళజోళ్ళకీ మాత్రమే ఇస్తాం. టోకెన్ లేకుండా ఏదీ తిరిగివ్వమండి."

"ఇవ్వనిది మీరు, లేదని అడిగేదీ మీరే. బాగుందండి."

లోవరాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తాడు. "అమ్మగారూ, గ్రీజు రాయడానికి పైకెళ్ళినప్పుడల్లా బతిమాలుతున్నానండి, దిగండే అని. దిగవంటండి. ఇది కట్టించినాయన పైకి రావాలంట. ఆయన్నో మాట అడగాలంట."

"మరి రాడా?"

"ఎలా వస్తారండీ? పొట్టి కదాండి."

రైలెక్కే చోట గీత గీసిన బోర్డు ఉంది. నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. అంతకంటే పొట్టివాళ్ళు ఎక్కరాదు. యజమాని వామనమూర్తి ఆ గీతకి రెండంగుళాలు తక్కువ. అందుకని రోజూ పొద్దున రైలుని పరీక్షగా తిప్పేటప్పుడు ముందు సీట్లో ఆయన చొక్కా తొడుక్కున్న ఇసుకబస్తా కూచుంటుంది. ప్రారంభోత్సవం నాడు దండ కూడా దానికే వేశారు.

"ఇంకోటండి," అంటాడు లోవరాజు. "ఎవరైనా 'ఆపండి' అని అరిస్తే ఆపకూడదండి. ఉత్సాహం అని రాసుకోవాలి. ఆయనగారి ఆర్డరు."

వామనమూర్తి గది ఫిర్యాదు వింటే సాగుతుంది. మంగతాయారు గుమ్మంలో నిలబడి "నా కడుపు" అనగానే బల్ల పది గజాలు వెనక్కి వెళ్తుంది. "మీ కొండ మీద" అనగానే ఇంకో పది. ఆమె పరుగెత్తదు. వంగి, నేలని గుప్పెళ్ళతో పట్టుకుని, బట్టని మడిచినట్టు మడిచి రెండు టక్కులు వేసి, గుండుసూదులు గుచ్చుతుంది. బల్ల వచ్చి ఆమె మోకాళ్ళకి తగులుతుంది.

బల్ల వెనక మూడు దిళ్ళ మీద వామనమూర్తి. మనిషి పొట్టి, మాట గట్టి.

"ఏం కాదమ్మా. అందరికీ ఉండేదే. కాసేపు కూచుంటే సర్దుకుంటుంది."

"పదకొండు రోజులు కూచున్నానండి. కుర్చీ సర్దుకుంది."

"గుండెధైర్యం లేనోళ్ళ కడుపులే పైన ఆగిపోతాయమ్మా. నా రైలుదేం తప్పు? పోనీ, చిన్న పొరపాటేదన్నా ఉంటే కడుపులో పెట్టుకోండి."

"ముందు దాన్ని దింపించండి, పెట్టుకుంటాను. మీరు పైకొస్తే గానీ దిగదంట."

"నేను పైకెళ్ళాలంటారు, అంతేగా? నాకు మాత్రం సరదా లేదా? కానీ రూలమ్మా, రూలు. రూలుకి నేనైనా ఒకటే."

ఆయన వెనక గోడకి కూడా అదే బోర్డు. మంగతాయారు కన్ను ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని అంగుళాల్లో చూస్తోంది. గీత కింద, రంగు మాటున, ఇంకో మూడు పాత గీతలు కనిపిస్తాయి. ఏ ఏడు గీసింది ఆ ఏడు ఆయన నెత్తికి రెండంగుళాల పైనే. ఆయన ఎత్తు మడమల బూట్లు కొన్న ఏడు గీత కూడా పెరిగింది. రైలు కోసం గీసిన గీత కాదది. రైలుకి దొరక్కుండా గీసుకున్న గీత.

ఆమె చేతి వేడికి బల్ల మీద కాగితాలు గోధుమరంగుకి తిరుగుతున్నాయి. మంగతాయారు కుడిచేతిని వెనక్కి దాచుకుని నవ్వుతుంది. కుట్టు తెలిసినదానికి కుట్ర ఎంతసేపు?

"ఆ చొక్కా ఎవరు కుట్టారండీ? మిమ్మల్ని తొడుక్కుని అదే తిరుగుతున్నట్టుంది."

వామనమూర్తి గొంతు మొదటిసారి చిన్నదవుతుంది. "రెడీమేడమ్మా. పిల్లల సెక్షన్లో."

"అయ్యో! దిగండి, కొలతలిస్తే నేను కుడతాను."

టేపు ముందు నిలబడ్డవాడు ఎదురు చెప్పడు. ఎంతటివాడైనా సరే, చేతులెత్తమంటే ఎత్తుతాడు, తిరగమంటే తిరుగుతాడు. ఊరందరి చేతా చేతులెత్తించిన వామనమూర్తి, దిళ్ళు దిగి, చేతులెత్తి నిలబడతాడు.

"ఊపిరి బిగబట్టకండి. అటు తిరగండి. తల వంచండి."

బట్టలాగే మనిషిని కూడా కాస్త ఎక్కువ పెట్టి, లోపలికి మడిచి కుడతారు, ముందుముందు వదులు చెయ్యాల్సొస్తే ఉంటుందని. టైలర్లు దాన్ని మార్జిన్ అంటారు. వామనమూర్తి మార్జిన్ ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. మెడ వెనక, కాలరు కింద, కుట్టు వేలికి తగులుతుంది. మంగతాయారు బ్లేడుతో మూడు కుట్లు తెంపి, దారపు కొస వేలికి చుట్టుకుంటుంది.

"చక్కిలిగిలిగా ఉందమ్మా."

"ఏం కాదండి."

నిలువు కొలత కూడా కావాలని ఆమె ఆయన్ని రైలెక్కే చోటికి నడిపిస్తుంది. లోవరాజు ఆయన్ని అక్కడి బోర్డుకి ఆనించి కొలుస్తాడు. "నాలుగడుగుల తొమ్మిదంగుళాలండి. గీత దాటేరు!"

"తప్పు కొలిచావ్ రా!"

"రూలుకి మీరైనా ఒకటే కదండీ," అని లోవరాజు ఈల ఊదుతాడు.

ముందు సీట్లోంచి ఇసుకబస్తా లేచి చొక్కా దులుపుకుంటుంది. "ఇన్నేళ్ళూ మీకోసమే పట్టి ఉంచానండి," అని చోటిచ్చి, వెళ్ళి బెంచీ మీద కూలబడి, గుండీలు విప్పుకుని గాలి పీలుస్తుంది.

బెల్టు బిగుస్తుంది. రైలు టకటకమంటూ ఎక్కుతుంది. భయం మర్యాద నేర్పుతుంది. కొండ మొదట్లో "ఆపరా!" అన్న వామనమూర్తి సగం కొండలో "ఆపవయ్యా!" అంటాడు. కొసకి చేరేసరికి "ఆపండి!" అంటాడు.

లోవరాజు చెవి మీద పెన్సిలు తీస్తాడు. "ఉత్సాహం," అని రాసుకుంటాడు.

పైన కడుపులన్నీ కమ్మీ మీద ఒకటికొకటి సర్దుకుని, ఆయన మొహంలో మొహం పెట్టి, ఒక్క గొంతుతో అడుగుతాయి.

"ఏం కాదా?"

ఆయన నోరు తెరుస్తాడు. రైలు పడుతుంది. కాళ్ళు రైలుతో పాటు కిందికొస్తాయి. తల సమాధానం వెతుక్కుంటూ పైనే ఉండిపోతుంది. మంగతాయారు వేలికున్న దారం గిర్రున తిరుగుతుంది. మార్జిన్ వస్తోంది. మూడంగుళాలు, ముప్ఫై అడుగులు, మూడొందల గజాలు. వామనుడు పెరగడం మనకి కొత్తేమీ కాదు. కాకపోతే ఆ కథలో పాదం ఒకరిది, నెత్తి ఒకరిది. ఇక్కడ రెండూ ఈయనవే.

రైలు చుట్టూ తిరిగి వచ్చి ఆగేసరికి ముందు సీట్లో రెండు బూట్లు మాత్రమే ఉన్నాయి. తక్కిన వామనమూర్తి పట్టాల పొడుగునా పరుచుకుని ఉన్నాడు. రెండో మలుపులో నడుం. తలకిందులయ్యే చోట ఛాతీ. కడుపులు ఆయన మీంచి ఒక్కొక్కటే జారుతూ దిగుతున్నాయి. ఎడంనించి తొమ్మిదోది మంగతాయారుని గుర్తుపట్టి, ఎగిరి, పక్కటెముకల కింద తన చోట్లో కూచుంటుంది. పులిహోర ఇంకా వెచ్చగానే ఉంది. పన్నెండు రోజుల ఆకలి ఒక్కసారిగా వచ్చి ఆమెని కూలేస్తుంది. కుడిచెయ్యి చల్లబడుతుంది.

"అమ్మా!" పైనించి వామనమూర్తి తల. "ఆ దారానికి ముడెయ్యండమ్మా! ఒక్క ముడి! ఆగిపోతుంది!"

నిజమే. ఒక్క ముడి చాలు. లోవరాజు కూడా చెవి వంచి వింటున్నాడు. మంగతాయారు దారం వంక చూస్తుంది. తర్వాత పైకి చూస్తుంది.

"ఏం కాదండి," అంటుంది. "కాసేపు కూచుంటే సర్దుకుంటుంది."

లోవరాజు ఈల ఊదుతాడు. తర్వాతి రైలు బయలుదేరి, ఆయన మోకాలి మీంచి ఎక్కడం మొదలుపెడుతుంది.

తిరుగు బస్సు నిటారుగా నడుస్తోంది. మాస్టారు నిద్రపోతున్నాడు. కొత్తకోడలు తిన్నగా ముందుకి చూస్తోంది. దారం కిటికీలోంచి, పొలాల మీంచి, సాగుతూ వెంట వస్తోంది.

ఇంటికొచ్చి, రెండు కంచాల అన్నం తిని, ఆకూ వక్కా వేసుకుని, మంగతాయారు ఆ కొసని మిషను సూదిలోకి ఎక్కిస్తుంది. తొక్కుతుంది. సూది కింద నించి కొత్త టేపు బయటికొస్తోంది, వామనమూర్తి చర్మం రంగులో. దాని మీద అంకెలకి బదులు అంగుళానికొక చిన్న నోరు. ఆమె కాలు ఆడినప్పుడల్లా నోళ్ళు వరసగా తెరుచుకుని మూసుకుంటాయి.

ఆమె టేపు తెంపదు. ఉన్నదాన్ని ఉన్నట్టే నడుం చుట్టూ తిప్పుకుని, బొటనవేలితో పట్టి చూసుకుంటుంది. ముప్ఫై నాలుగో నోరు తెరుచుకుంటుంది.

"ఆపండి," అంటుంది.

మంగతాయారు కొలతల పుస్తకం తీసి, నడుం అని ఉన్న చోట, గుండ్రటి అక్షరాలతో, 'ఉత్సాహం' అని రాసుకుంటుంది.