గడప దగ్గర ఆగిన వరుస

పొద్దున్నే మొహం కడుక్కోగానే మామగారు వంటింటి గోడ దగ్గర నడక మొదలుపెట్టేవారు. ఎడమ నుంచి కుడికి ఒక వరుస. మళ్ళీ ఎడమకొచ్చి, ఒక్క అడుగు ముందుకు జరిగి ఇంకో వరుస. జీవితమంతా టైపు కొట్టి రిటైరైన మనిషి, ఇంకోలా కదలలేకపోయేవారు. ఇంట్లో ఎవరూ దాన్ని వింతనుకోలేదు. ఒకరికి మోకాళ్ళు పట్టేస్తాయి, ఒకరికి ఇది.

అత్తగారి చిరాకల్లా వీధి గడప గురించే. ఆయన అక్కడికొచ్చి ఆగిపోయేవారు. "అయ్యో, అటు కాదండీ!" అని ఆవిడ అరిస్తే చాలు, బిక్కచచ్చిపోయి వంటింటి గోడ దగ్గరికెళ్ళి మళ్ళీ మొదటి నుంచి అందుకునేవారు. అలా అలా వీధి మొహం చూడటమే మానేశారు.

కోడలు భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఉద్యోగం చేస్తుంది. టైపు చేసేటప్పుడు తెర మీద మిణుకుమంటూ కదిలే నిలువు గీత ఉంటుంది కదా, కర్సర్ అంటారు. అది ఎటూ కదలకుండా ఆగిపోతే తెర మీద ఏ మాట కనిపించాలో రాయడం ఆమె పని.

"తప్పు చేసినవాడికి తప్పని చెప్పడానికి జీతం కూడానా! ఇన్నాళ్ళూ నేను ఊరికే చెబుతున్నాను కదటే," అంది అత్తగారు ఒక ఉదయం.

కోడలు నవ్వింది. "తప్పని చెబితే ఏం లాభం అత్తయ్యా? పాపం, టైపు చేసే ఆ మనిషి మొదటి వరుసలో ఉండి ఇంకా పైకి పోవాలని చూస్తున్నాడు. ఎక్కడున్నాడో చెప్పాలి, ఎందుకు ఆగిందో చెప్పాలి, ఎటు వెళ్ళొచ్చో చెప్పాలి. ఆ కాస్త రాయడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది."

"బాగానే ఉంది సంబడం!" అని మూతి ముడుచుకుందావిడ.

ఆ ఉదయమే ఎదురింటి ముందు లారీ ఆగింది. ఎదురిల్లు మామగారి తమ్ముడిది. తల్లి పోయినప్పుడు మాటా మాటా పెరిగి అన్నదమ్ములు పలకరింపులు మానుకున్నారు. ఇప్పుడాయన ఇల్లు ఖాళీ చేసి, ఎక్కడో దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. మంచాలు లారీ ఎక్కడం, తాళ్ళు బిగించడం మామగారు కిటికీలోంచి చూశారు.

"వాణ్ణి ఒక్కసారి చూడాలే," అన్నారు భార్యతో. వరుస తర్వాత వరుస దాటుకుంటూ గడప దాకా వచ్చి ఆగిపోయారు.

అత్తగారు నోరు తెరిచేలోపే కోడలు లేచొచ్చింది. "మామయ్యా, ఇది గది చివర. ఇక్కడితో నేల అయిపోయింది, అందుకే అడుగు పడట్లేదు. ఒక మెట్టు దిగితే వీధి."

ఆయన దిగారు. అత్తగారు గడప దాకా వచ్చింది. ఎంత తేలిగ్గా చెప్పేసింది ఈ పిల్ల! ఇన్నాళ్ళూ తన నోటికి ఈ మాట రాలేదేం?

వీధిని కూడా ఆయన వరుసలు వరుసలుగానే దాటారు, ఆ మలుపు నుంచి ఈ మలుపు దాకా. సైకిళ్ళు ఆగాయి. సామాను ఎక్కించుకుని బయల్దేరబోతున్న లారీ డ్రైవర్, ముందు నడుస్తున్న మనిషిని దాటి పోలేక ఇంజన్ ఆపేశాడు. "కానివ్వండి పెద్దాయనా, నిదానంగానే," అన్నాడు. తమ్ముడు గేటు లోపల చేతులు కట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు.

చివరి వరుస గేటు దగ్గర ఆగింది. అన్న గేటు ఊచ పట్టుకుని తల దించుకున్నారు. తమ్ముడు కదల్లేదు.

అత్తగారికి ఒళ్ళు మండింది. మొండిఘటాలు, ఇద్దరూ ఇద్దరే! తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, గడప మీద నుంచే గట్టిగా పిలిచింది.

"మరిదిగారూ! మీ అన్నయ్య మీ గేటు దాకా వచ్చారు. గడియ లోపలుంది, ఆయన చేతికందదు. మీరు తీస్తే లోపలికొస్తారు."

తమ్ముడు గడియ మీద చెయ్యి వేసి, తియ్యలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆ తర్వాత తీశాడు.

సామాను దింపమని డ్రైవర్‌కి ఎవరూ చెప్పలేదు. అతనే దిగొచ్చి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.