ముగ్గుపిండి మీద గీత

విశ్వకర్మ పూజ నాడు ఖరగ్‌పూర్‌లో పానా పట్టుకున్నవాడు మనిషి కాదు. వర్క్‌షాపులో లేతు మిషను మొదలుకొని ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో కత్తెర దాకా ఇనుమన్నది ప్రతీదీ కడిగించుకుని, బొట్టు పెట్టించుకుని, మర్నాటి పొద్దుటిదాకా సెలవు పుచ్చుకుంటుంది. దసరాకి తెలుగువాళ్ల ఆయుధపూజ ఎలాగూ ఉంది. ఇనుముకి ఏడాదికి రెండు పండగలు, దాన్ని మోసే మనిషికి ఒక్కటీ లేదని గోవిందరావు ఏటా సణుగుతాడు. సణుగుతూనే వీధిలో అందరికంటే ముందు తన పానాలకు పసుపు రాస్తాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే అతని బామ్మర్ది సుందర్ రాజు ప్రాక్టీసు నుంచి ముఖం మాడ్చుకుని వచ్చాడు. కుడికాలు తొక్కినప్పుడల్లా సైకిలు టిక్కుమంటోందట. నింపాదిగా పోతే ఏమీ లేదు, బలంగా తొక్కితే మాత్రం ప్రతి తొక్కుడికీ ఒక టిక్కు. చెవిలో జోరీగలా ప్రాణం తోడేస్తోందనీ, రేపు పందెంలో ఆ మోత వింటూ తొక్కడం తన వల్ల కాదనీ వాపోయాడు.

రేపటి పందెం అలాంటిలాంటిది కాదు. రైల్వే మైదానం దగ్గర బయల్దేరి కాసాయి నది వంతెన దాకా పోయి తిరిగి రావాలి. ముందొచ్చిన ఇద్దరికి ఆటగాళ్ల కోటాలో రైల్వే ఉద్యోగం. వచ్చే ఏటికి సుందర్ రాజుకి వయసు దాటిపోతుంది, ఆ తలుపు మూసుకుపోతుంది. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ని గోవిందరావు భార్య హైమవతి, కొంగు పట్టుకు తిరిగే వయసు నుంచి తనే పెంచింది. వాడికి ఉద్యోగమన్నది ఆమెకి మొక్కు, గోవిందరావుకి పరువు. వర్క్‌షాపులో రైలు చక్రాల షాపు ఫిట్టరు బామ్మర్ది పనీపాటా లేకుండా తిరుగుతున్నాడని నలుగురూ అంటుంటే అతనికి అన్నం సయించేది కాదు.

అలవాటు కొద్దీ పానాల కోసం చెయ్యి చాపాడు గోవిందరావు. అవి విశ్వకర్మ పటం ముందు బంతిపూల కింద ఉన్నాయి. హైమవతి వంటింట్లోంచే చూసి, రేపు పొద్దున్న ఉద్వాసన చెప్పేదాకా వాటి జోలికి పోవద్దంది. గోల్‌బజార్‌లో సైకిలు షాపులు కూడా పూజలోనే కూర్చున్నాయి. చేతులూ చెవులూ పూజలో లేవు కదా అనుకుని అతను పంచె ఎగ్గట్టాడు.

క్వార్టర్ల మధ్య సందులో కుర్రాణ్ని తొక్కించి తను పక్కన పరిగెత్తాడు. పాదం ముందుకీ వెనక్కీ జరిపించాడు, టిక్కు. ఎడమకాలు తీయించి కుడికాలితోనే తొక్కించాడు, టిక్కు. సీటు మీంచి లేపి తొక్కించాడు, ఇంకా గట్టిగా టిక్కు. సైకిలు తొక్కే ప్రతివాడికీ ఏ మోతైనా పెడల్ దగ్గరే పుడుతుందని నమ్మకం. పెడల్ కడ్డీని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను వదులైందని సుందర్ రాజు పట్టిన పట్టు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు.

చివరికి గోవిందరావు రెండు చేతులూ వదిలేసి తొక్కమన్నాడు. కుర్రాడు సీటు మీద నిటారుగా కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. చప్పుడు లేదు. హ్యాండిలు పట్టుకుని అంతే బలంగా తొక్కమంటే మళ్లీ టిక్కు. కాలు కిందికి తొక్కేటప్పుడు చెయ్యి హ్యాండిలుని పైకి లాగుతుంది. అంటే మోత కాలిది కాదు, చేతిది. ముందు భాగంలో ఎక్కడో పుట్టి, గొట్టాల వెంట పాకి, పెడల్ దగ్గర వినపడుతోంది.

అప్పుడు నూనె డబ్బా పనిముట్టా కాదా అన్న ధర్మసందేహం వచ్చింది. హైమవతి కాసేపు ఆలోచించి కాదంది, పొద్దున్న దానికి బొట్టు పెట్టడం ఆమే మరిచిపోయింది మరి. గోవిందరావు హ్యాండిలు కింద బేరింగుల్లోకీ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు రెండు కాళ్లూ కలిసే మెడ చుట్టూ నూనె ధారగా పోశాడు. సుందర్ రాజు సందు చివరిదాకా పోయి వచ్చాడు. టిక్కు పోయింది. బావకి వంగి దండం పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని సైకిలు గోడకి ఆనించాడు.

అక్కడితో ఆగినా గోవిందరావుని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కాని నూనె పడగానే ఆ చప్పుడు పోయిన తీరు అతనికి నచ్చలేదు. బేరింగు పాడైతే గరగరమంటుంది, లాగినప్పుడు ఒక్క టిక్కుమని ఊరుకోదు. అలా టిక్కుమనేవి పగిలిన ఇనుము అంచులు, ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు. వాటి మధ్యకి నూనె దిగితే నోరు మూసుకుంటాయి. ఈ ఫోర్కు నూనె తాగిందా అన్న అనుమానం వచ్చాక ఇక ఊరుకోలేకపోయాడు.

ఎందుకంటే ఆ ఫోర్కు సంగతి అతనికే తెలుసు. వానల్లో రైలు గేటు దగ్గర పట్టాల మీద పడి అది వంకరపోయింది. కొత్తది వేయిద్దామన్న కుర్రాణ్ని వారించి, తను ఫిట్టరయ్యుండి బామ్మర్ది బయట కొనడమేమిటని, వైసు దవడల మధ్య బిగించి, వేడైనా చెయ్యకుండా, ఒంటిబలంతో వంచి సాపు చేశాడు. మొన్న పూజకి షాపులో మిషన్లకు వేయగా మిగిలిన నల్లరంగు తెచ్చి సైకిలుకి రెండు పూతలు వేశాడు. అద్దంలా ఉందని సెటిల్‌మెంటంతా మెచ్చుకుంటే పొంగిపోయాడు. పైన పటారం లోన లొటారం అన్న మాట తన పనికే తగులుతుందని ఎవడనుకుంటాడు?

పగులు కనిపెట్టే విద్య చక్రాల షాపులో అందరికీ వచ్చు. ఇరుసుని కిరోసిన్‌తో తడిపి, పొడిగా తుడిచి, పైన సుద్ద రాసి వదిలేస్తారు. పగులుంటే అది తాగిన కిరోసిన్‌ని మెల్లగా కక్కుతుంది, తెల్లటి సుద్ద మీద గీత తేలుతుంది. ఇంట్లో సుద్ద లేదు, హైమవతి ముగ్గుపిండి ఉంది. గోవిందరావు ఇటుకముక్కతో ఫోర్కు మెడ దగ్గర తను ముద్దుగా వేసిన రంగంతా గీకేశాడు. లాంతరులోంచి కిరోసిన్ వంపి తడిపాడు, పాత పంచెతో తుడిచాడు, ముగ్గుపిండి అద్ది పీట వేసుకు కూర్చున్నాడు.

గీకిన చప్పుడికి లేచొచ్చిన సుందర్ రాజు గుమ్మంలో నిలబడ్డాడు. హైమవతి చేతిలో గరిటెతో అలాగే వచ్చింది. విశ్వకర్మ పూజకి అక్కడ గాలిపటాలు ఎగరేస్తారు, పైన ఆకాశం నిండా అవే. ఎవడిదో దారం తెగినట్టుంది, మేడల మీంచి బెంగాలీ పిల్లలు భోకాట్టా అని అరిచారు. ముగ్గురిలో ఒక్కరూ తలెత్తలేదు.

గీత లేచింది. వెంట్రుకంత సన్నంగా మొదలై, తడి ఊరుతూ, మెడ చుట్టూ సగం దాకా పాకింది.

అది ఇటుక గీరిన గీత అన్నాడు సుందర్ రాజు. వంగి బొటనవేలితో చెరిపేశాడు. గోవిందరావు మళ్లీ పిండి అద్దాడు. మళ్లీ అదే చోట, అదే వంపుతో గీత తేలింది.

"నువ్వే కదేటి బావా సాపు సేసినావు? బాగుందన్నావు."

"నానే సేసినాను. నానే పాడు సేసినాను. దీని మీద నువ్వెక్కితే వంతెన దిగుడులో నీ మొకమే ముందు రోడ్డుకి తగుల్తాది."

మార్గం ఒకటుందన్నాడు గోవిందరావు. తన డ్యూటీ సైకిలు కూడా అదే కంపెనీ, అదే సైజు. దాని ఫోర్కు తీసి దీనికి వేయొచ్చు. సుందర్ రాజు తల అడ్డంగా ఊపాడు. ఆ ముసలి ఫోర్కు బరువు, పైగా కుడివైపుకి లాగుతుందని అతనికి తెలుసు. దాంతో పందెంలో దిగడం, దిగకపోవడం ఒకటే. ఇంతకాలం ఆగింది ఇంకొక్క పొద్దు ఆగదా అంటూ సైకిలు లాక్కుని బయటికి నడిచాడు. గోవిందరావు హ్యాండిలు పట్టుకున్నాడు. పెరిగిన కుర్రాడు అటు, ముసలితనం తొంగిచూస్తున్న బావ ఇటు, సైకిలు మధ్యలో ఊగిపోయింది.

గోవిందరావు చూపు పటం వైపు పోయింది. పానా ముట్టడానికి ధైర్యం చాలలేదు. దేవుడి ముందునుంచి ఇనుము తీసి, రేపు ఈ కుర్రాడికి ఏమైనా అయితే ఇంక హైమవతి ముఖం ఎలా చూడాలి? అతను కదలకపోవడం చూసి హైమవతే లోపలికి వెళ్లింది. బంతిపూలు పక్కకి నెట్టి, కుంకుమ బొట్టుతోనే పానా తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"నా తమ్ముడు బతికుంటే సాలు, దేవుడికి నాను సెప్పుకుంటాను. పట్టు."

అది చూసి తమ్ముడు సైకిలు వదిలేశాడు.

దీపాలు పెట్టే వేళకి ఫోర్కు మారింది. సుందర్ రాజు వీపు తిప్పుకు కూర్చున్నాడు, సాయం పట్టలేదు. తరవాత ఒకసారి తొక్కి చూశాడు, ఏ చప్పుడూ లేదు. ఎప్పుడూ బావ పక్కనే పీట వేసుకుని తినేవాడు ఆ రాత్రి ఒక్కడే నాలుగు మెతుకులు తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పందెంలో అతను మూడోవాడు. వంతెన దగ్గర మలుపు తిరిగేటప్పుడు హ్యాండిలు కుడికి లాగిందనీ, వెడల్పుగా పోయాడనీ, ఆ కాస్తా మళ్లీ పూడ్చుకోలేకపోయాడనీ చూసినవాళ్లు చెప్పారు. రెండోవాడికీ అతనికీ మధ్య ఒక్క చక్రం తేడా. గోవిందరావు జనంలో వెనకే నిలబడి చూశాడు. ముందుకి పోయి భుజం తట్టే మొహం అతనికి లేదు.

ఇంటికొచ్చిన సుందర్ రాజు సైకిలు కింద పడేశాడు. పెరట్లో మూలనున్న, నిన్న తీసేసిన ఫోర్కుని గొట్టం దగ్గర రెండు చేతులతో పట్టుకుని, బావనీ, అప్పా అని పిలిచే అక్కనీ చూడమంటూ ఉతికే బండ దగ్గరికి నడిచాడు.

"సూడు బావా. సూడప్పా. ఇది ఇరిగిపోద్దన్నారు. దీని మీదైతే నాను గెలిచేవోణ్ని."

బండ మీద కొట్టాడు. పెద్ద దెబ్బేమీ కాదు, కొబ్బరికాయ కొట్టినంత. ఒక కాలు మెడ దగ్గర ఊడి, గోడకి తగిలి, తులసికోట పక్కన పడింది.

గోవిందరావు ఆ ముక్క తీసుకుని విరిగిన చోటు చూశాడు. కొత్తగా విరిగిన ఇనుము తెల్లగా మెరవాలి. ఇది చాలామట్టుకు నల్లగా ఉంది, ఒక అంచున మాత్రం గోటి చంద్రవంకంత తెలుపు. అంతమాత్రం ఇనుము మీదే కుర్రాడు ఇన్నాళ్లూ వంతెనకి పోయి వచ్చాడు. నలుపుని బొటనవేలితో రుద్దాడు. అది తుప్పు కాదు, రంగు. అద్దంలా మెరవాలని తను పూసిన రంగే పగులులోకి దిగి ఎండిపోయింది. పూసేటప్పటికే పగులుంది, చూసుకోకుండా దాని నెత్తిన పూత పూశాడు. అతను బండ పక్కనే చతికిలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"ఉజ్జోగం పోనాది. నానే పోగొట్టినాను."

సుందర్ రాజు వచ్చి పక్కన కూర్చున్నాడు. ముక్క అతని చేతిలోంచి తీసుకుని, తెల్లగా మెరుస్తున్న ఆ కాస్త చోటునీ గోటితో తడిమాడు.

"ఇంతే మిగిలుందేటి బావా?"

"అంతే."

ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి బండ మీద పెట్టాడు. వంటింటి వైపు తిరిగి అక్కని కేకేశాడు.

"అప్పా, అన్నం ఎట్టు. ఇద్దరికీ."