పదిహేడు రోజులవాడు

మా ఆయన బంగార్రాజుగారికి బతికున్న చుట్టాల పేర్లు నోటికి రావు గానీ, చచ్చిపోయినవాళ్ళ ముత్తాతల పేర్లు కంఠతా వచ్చు. సహకార సంఘంలో సెక్రటరీగా రిటైరైన దగ్గర్నుంచీ ఇదే పిచ్చి. ఆత్రేయపురం నుంచి రావులపాలెం దాకా ఎవరి కొబ్బరితోటలో మా వంశం వాళ్ళ సమాధి ఉందో వెతకాలి, రాయి మీద ఉన్నది ఉన్నట్టు రిజిస్టరులో ఎక్కించాలి, వంశవృక్షం అచ్చు వేయించాలి. ఆయన మోకాళ్ళు వంగవు. అందుకని స్కూటరు వెనక నేను. కొబ్బరిపీచుతో నాచు గీకడం, బొగ్గుపొడి రుద్ది అక్షరాలు తేల్చడం, చదివి చెప్పడం నా వంతు. రాయడం మాత్రం ఆయనగారే. కళ్ళతో చూడనిదే ఒక్క పేరు కూడా రాయనని పంతం.

మూడేళ్ళు తిరిగాం. ఎండకి నెత్తి మాడిపోయేది. అయినా ఒక్కసారీ రానని అనలేదు. నాకేమీ ఆయన ముత్తాతల మీద ప్రేమ కారిపోవడం లేదు. ఆ రిజిస్టరులో నాకొక్క వరస కావాలి.

1969లో మాకు మగపిల్లాడు పుట్టాడు. పదిహేడో రోజున పోయాడు. ఇరవై ఒకటో రోజున బారసాల అనుకున్నాం, అందుకని పేరు కూడా లేదు. మా ఆయన తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళారు, కాలవలో స్నానం చేసి తిరిగొచ్చారు. ఆడవాళ్ళం అటు వెళ్ళకూడదు. ఎక్కడ పెట్టారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పాలు ఆగడానికి మా అత్తగారు రొమ్ములకి మల్లెపూలు కట్టింది. పాలతోపాటు ఇంకేదో కూడా ఆగిపోయింది. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వాళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు అన్నీ జరిగాయి. చేశాను. దేనికీ పెద్దగా సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు.

2002 మాఘమాసానికి రిజిస్టరు పూర్తయింది. మర్నాడో మూడోనాడో రాజమండ్రి ప్రెస్సుకి ఇవ్వాలి. ఆ రోజు అన్నం పెడుతూ అడిగాను.

"ఏవండీ, మన పిల్లాణ్ణి కూడా రాయండి."

"ఏ పిల్లాడు?" అన్నారు.

నేను మజ్జిగ పోశాను. కాసేపటికి ఆయనకే తెలిసింది. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పేరు పెట్టనివాణ్ణి ఏమని రాస్తామే? ఎక్కడున్నాడని రాయను?"

"మట్టిలో పెట్టింది మీరేగా."

"నేను కాదు మాణిక్యం" అన్నారు. "గట్టుదాకా వెళ్ళి, ఇంక చేతులాడక యెహెజ్కేలుకి ఇచ్చేశాను. వాడు తిరిగొచ్చేదాకా లాకుల దగ్గర కూర్చున్నాను. ఎక్కడ పెట్టాడో చూళ్ళేదు."

యెహెజ్కేలు అప్పట్లో మా పాలేరు. నా మొగుడు ముప్పై మూడేళ్ళు ఈ మాట కడుపులో దాచుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట. అదే మాట మొహం మీద అనేశాను. కోపం వచ్చి కాదు, ఎవరో ఒకరు అనాలి కాబట్టి అన్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే యెహెజ్కేలు ఉండే క్రైస్తవుల పేటకి వెళ్ళాం. యెహెజ్కేలుకి చూపు సరిగ్గా లేదు, ముసలాడైపోయాడు. మేమెవరమో, ఎందుకొచ్చామో చెప్పేసరికి మంచం మీంచి లేచి నిలబడిపోయాడు. వాళ్ళావిడ దీనమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"తప్పయిపోయిందండి బాబుగారూ. తమరు ఏటిగట్టునే పెట్టమన్నారండి. గోదారి పోటు మీదుంది. గట్టంతా ఇసక. కుక్కలు తోడేస్తాయండి. మనసొప్పలేదు. మా సమాధుల తోటకి తీసుకెళ్ళి, మాయమ్మ పక్కన పెట్టేనండి. చెబితే తమరేమంటారోనని చెప్పలేదండి."

సమాధుల తోట వాళ్ళ చర్చి వెనకే. దీనమ్మ ముందు నడిచింది. వాళ్ళ అత్తగారి సమాధి పక్కన మూరెడు పొడుగున ఇటుకల దిమ్మె ఉంది. పెచ్చు లేచినచోట చూస్తే పొరల మీద పొరలుగా సున్నం. రాయీ లేదు, అక్షరాలూ లేవు. గీకడానికి నాకేమీ లేదక్కడ.

"ఏటా ఈస్టరు ముందు మావోళ్ళవాటికి వేసినట్టే దీనికీ వేస్తామండి" అంది దీనమ్మ. "ఆ రోజు పాస్టరుగారు పోయినోళ్ళ పేర్లు చదువుతారు. పేరు లేకపోతే ఎలాగండి. చిన్నబాబుగారు అని రాయించేను."

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. అబద్ధమెందుకు, కుళ్ళు వచ్చింది. నేను తోటలన్నీ తిరిగి ఎవరెవరి ముత్తాతల నాచో గీకుతుంటే, ఈవిడ నా కొడుక్కి ముప్పై రెండుసార్లు సున్నం వేసింది. పేరు కూడా ఆవిడే పెట్టేసుకుంది.

మా ఆయన రిజిస్టరు తెరిచారు. పిల్లాడు పోయిన ఏడు 1969 అని రాశారు. తండ్రి పేరు రాశారు. సమాధి ఉన్న చోటు అనే గడి దగ్గర కలం ఆగిపోయింది.

"కళ్ళతో చూశారుగా, రాయండి" అన్నాను.

"మనవాళ్ళందరూ చదువుతారే." గొంతు తగ్గించి అన్నారు గానీ దీనమ్మకి వినపడింది. "పేటలో క్రైస్తవుల సమాధుల్లో అని ఎలా రాస్తాం?"

ఆ వరస మీద అడ్డంగా గీత కొట్టి, రిజిస్టరు చంకలో పెట్టుకుని స్కూటరు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను పిలవలేదు. ఆయన్ని తిట్టడానికి కూడా ఓపిక లేదు.

దీనమ్మ దిమ్మె మీద ఎండాకులు చేత్తో ఎత్తుతోంది. నావైపు చూడకుండా అంది.

"ఇంకోటి కూడా ఉందండి అమ్మగారూ. చర్చి పుస్తకంలో తల్లి పేరు అడిగేరండి. మీ పేరు చెబితే ఊళ్ళో గొడవైపోద్దని నా పేరు చెప్పేను. చిన్నబాబుగారు, తల్లి దీనమ్మ అని చదువుతారండి. మీరేమీ అనుకోకండి."

"నా పేరు రాయించు" అన్నాను. "రత్నమాణిక్యం."

"ఆయ్, అలాగేనండి. ఆదివారమే మార్పిస్తాను" అంది. అని, చేతిలో ఎండాకులు అలాగే పట్టుకుని కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నా బిడ్డకోసం ఒక మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.