తాబేలును కాపాడిన పదకొండు మంది

హరిత వైభవ్ కాలనీ వాళ్లకు ప్రకృతి అంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, ప్రతి బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి పరిచి, దాని మీద పిల్లల్ని చెప్పులతో నడవనివ్వరు.

ఇంద్రేశం నుంచి లక్డారం వెళ్లే దారిలో, ఆ కాలనీ వెనక గోడను ఆనుకుని తొంభై ఎకరాల సర్కారు భూమి ఉంది. రాళ్లు, రేగు పొదలు, తుమ్మ, మోకాలెత్తు ఎండుగడ్డి. బిల్డర్ తన రంగుల కాగితంలో దాన్ని 'ఫారెస్ట్ వ్యూ' అని వేశాడు. ఇళ్లలో దిగాక జనం కిటికీలు తెరిచి చూశారు. ఫారెస్ట్ వాళ్లు తమను మోసం చేశారని తేల్చుకున్నారు.

దానికి తోడు ఆ శాఖ వాళ్లు కంచె వేసి ఒక బోర్డు పెట్టారు: "ఇది నక్షత్ర తాబేళ్లు ఉండే చోటు. మొక్కలు నాటరాదు. నీళ్లు పోయరాదు. గడ్డి కోయరాదు."

"అడవి శాఖ వాళ్లే మొక్కలు నాటొద్దంటే ఇంక దేశం ఏం బాగుపడుతుందండీ?" అన్నాడు కాలనీ ప్రెసిడెంట్ శివరామకృష్ణ. బీరంగూడ పక్కన పెద్ద ప్లాంట్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఎవరు ఎదురుపడ్డా అటెండెన్స్ వేస్తున్నట్టే చూస్తాడు.

కమిటీలోని పదకొండు మంది కూర్చుని ఒక అర్జీ తయారుచేశారు. విషయం: ఎడారిలా పడి ఉన్న ప్రభుత్వ భూమిని పచ్చగా మార్చి వన్యప్రాణులను కాపాడుట గురించి. కాపాడే పద్ధతి కూడా రాశారు: వాకింగ్ ట్రాక్, లాన్, ఫౌంటెన్, యోగాకు సిమెంటు అరుగు. అనుమతి ఎలాగూ వస్తుందన్న నమ్మకంతో ఒక ఆదివారం కంచె దూరి, అరుగు ఎక్కడ రావాలో సున్నంతో గీత కూడా గీసి వచ్చారు.

ఆ గీతను కాలితో చెరిపినవాడు పెంటయ్య. లక్డారం మనిషి. ఒకప్పుడు అదే భూమిలో మేకలు కాసేవాడు. ఇప్పుడు ఫారెస్ట్ వాళ్ల దగ్గర రోజుకూలీ వాచర్. దొంగతనంగా అమ్ముతుంటే పట్టుబడ్డ తొమ్మిది తాబేళ్లను రెండేళ్ల కిందట అక్కడ వదిలారు. వాటి డిప్పల మీద తెల్ల రంగుతో నంబర్లున్నాయి.

"పెంటన్నా, ఈ వానాకాలం ఒక్కటన్నా గుడ్లు పెట్టాలె," అని ఆఫీసర్ రవళి అతనికి చెప్పింది. "పెడితే అవి ఈడ కుదురుకున్నయని పైకి రాస్త. జాగ వాటికే ఉంటది. లేకుంటే పార్కే."

పార్కయితే లాన్‌కు మాలీ వస్తాడు, వాచర్ పోతాడు. అది ఆమె చెప్పలేదు, పెంటయ్య అడగలేదు.

తొలి వానలు పడ్డాయి. ఏడో నంబరు తాబేలు మూడు రోజులుగా గుడ్లకు జాగా వెతుకుతున్నట్టు ఒకే చోట నేల వాసన చూస్తూ తిరుగుతోంది. ఆదివారం పొద్దున పెంటయ్య చాయ్ తాగి వచ్చేసరికి అది లేదు. కంచె కింద వాన నీళ్లు కోసిన సందు ఉంది. అవతల రోడ్డు.

"కాకా, నీ తాబేలును వైభవ్ కాలనీ ప్రెసిడెంట్ సారోళ్ల మేడం కూరగాయల సంచిల ఏసుకొని పోయింది," అన్నాడు అటుగా వచ్చిన వంశీ. అతను కాలనీకి మంచినీళ్ల క్యాన్లు వేసే ఆటో నడుపుతాడు. "జల్దీ పో. ఆళ్లు దానికి సన్మానం జేస్తుండ్రంట."

సన్మానం తాబేలుకు కాదు, హైమావతికి. ఆమె ప్రెసిడెంట్ గారి భార్య. పొద్దున వాకింగ్‌లో రోడ్డు మీద తాబేలు కనబడితే ఆమె గుండె తరుక్కుపోయింది.

"నీళ్ల కోసం పాపం రోడ్డెక్కిందండీ! ఆ ఎడారిలో ఒక్క చుక్కయినా లేదు," అని కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టింది. అరగంటలో నూట పన్నెండు దండాలు వచ్చాయి.

ఆ ఇంట్లో తాబేలు కొత్త కాదు. హాల్లో ఉత్తరం దిక్కున ఇత్తడి గంగాళం, అందులో నీళ్లు, గులాబీ రేకులు, మధ్యలో వాస్తు కోసం ఒక ఇత్తడి తాబేలు. దాన్ని తీసి పక్కన పెట్టి, గంగాళాన్ని క్లబ్‌హౌస్ స్టేజీ మీదికి చేర్చారు. తాబేలు బాగా కనబడాలని అంచుదాకా నీళ్లు పోశారు. ఏడో నంబరును అందులో వదిలారు. కమిటీ పదకొండు మంది చుట్టూ చేరి, తలా ఒక చెయ్యి గంగాళం మీద వేసి, మధ్యలో శాలువా కప్పుకున్న హైమావతితో ఫోటో దిగారు.

"గీ ఫోటో అర్జీకి రెండో పేజీ జేస్త సార్," అన్నాడు సెక్రటరీ చంద్రకాంత్. ఇంద్రేశంలో పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్మినవాడు. పచ్చదనం మీద అతనికున్నంత బెంగ ఎవరికీ లేదు. "కిందనే అందరం సంతకాలు వెడదాం. మనకు జంతువులంటే ఎంత పావురమో, ఎంత ప్రేమనో సూడంగనే తెల్వాలె."

అక్కడికక్కడే ప్రింటు తీసి, సంతకాలు పెట్టి, స్కాన్ చేసి ఫారెస్ట్ ఆఫీసుకు మెయిల్ కొట్టారు. తర్వాత శివరామకృష్ణ, నోరులేని జీవాల గోడు మనమే వినాలని ప్రసంగం మొదలుపెట్టాడు. అంతరాయం లేకుండా అందరి ఫోన్లూ సైలెంట్‌లో పెట్టించాడు.

గేటు దగ్గర గార్డు పెంటయ్యను ఆపాడు. "యాప్‌లో అప్రూవల్ కావాలి. ఏ ఫ్లాటు? పనేంది?"

"ప్రెసిడెంట్ సారు ఇల్లు. తాబేలు."

గార్డు 'పని: తాబేలు' అని కొట్టి పంపాడు. ఇద్దరూ ఫోను వైపు చూస్తూ నిలబడ్డారు. ఐదు నిమిషాలయింది. "సార్ చూస్తలేడు. ఫోన్ సైలెంట్‌ల ఉన్నట్టుంది."

ఇంతలో వంశీ ఆటో వచ్చింది. పెంటయ్య ఒక క్యాన్ భుజానికెత్తుకున్నాడు. గార్డు గేటు తెరిచాడు. క్యాన్ మోసేవాడి ముఖం ఆ కాలనీలో ఎవరూ చూడరు.

క్యాన్‌తోనే స్టేజీ ఎక్కాడు. ఎవరూ ఆపలేదు. శివరామకృష్ణ ప్రసంగం ఆపకుండానే, మూలకు పెట్టమని వేలు చూపించాడు.

గంగాళంలో తాబేలు కాళ్లు కొట్టుకుంటోంది.

"చూడు బాబూ, నాకెలా చెయ్యి ఊపుతోందో!" అంది హైమావతి.

"ఊపుతలేదమ్మా. మునుగుతుంది."

పెంటయ్య క్యాన్ దించి రెండు చేతులూ నీళ్లలో పెట్టాడు. గులాబీ రేకులతో సహా తాబేలును పైకి తీసి, తల కిందికి వంచాడు. ముక్కులోంచి నీళ్లు కారాయి.

"తాబేలు మునగడమేంటి?" అన్నాడు శివరామకృష్ణ. "మా ప్లాంట్ చెరువులో తాబేళ్లు ఎంచక్కా ఈదేవి..."

"గది నీళ్ల తాబేలు సారూ. ఇది మెట్ట తాబేలు. దీనికి ఈత రాదు. బోర్డు మీద నీళ్లు పొయ్యొద్దని రాసింది మీకోసమే."

తాబేలు కదల్లేదు. హాల్లో ఎవరో 'పాపం' అని, వీడియో తీయడానికి ముందుకు జరిగారు. పెంటయ్య దాన్ని తువ్వాలలో చుట్టి, మెడ కిందికి ఉంచి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి వెనక కాలు ఒకటి ముడుచుకుంది. అతను వెళ్లబోతుంటే చంద్రకాంత్ అడ్డమొచ్చాడు.

"ఓ పెంటయ్యా, సన్మానం అయినంక తీస్కపో. గింత పరేషాన్ ఎందుకు?"

"సన్మానం నువ్వు జేయించుకో పటేలా. గంగాళం ఖాళీగనే ఉంది, దిగు."

గేటు దగ్గర గార్డు, లోపలికి వచ్చినట్టు ఎంట్రీ లేదు కాబట్టి బయటికి పంపడం కుదరదన్నాడు. పెంటయ్య వెనక గోడ దూకి వెళ్లాడు.

నాలుగో రోజు సాయంత్రం ఏడో నంబరు గుంత తవ్వింది. సరిగ్గా యోగా అరుగుకు సున్నం గీత గీసి, చెరిగిపోయిన చోట. నాలుగు గుడ్లు.

మర్నాడు రవళి అర్జీ పట్టుకుని క్లబ్‌హౌస్‌కు వచ్చింది. "ఈ ఫోటో మీరే పంపారా సార్?"

"మా సేవకు ఆధారంగా జతచేశాం మేడం," అన్నాడు శివరామకృష్ణ, ఛాతీ కొంచెం పెంచి.

"ఆధారం బాగుంది. నక్షత్ర తాబేలును పట్టుకుపోవడం నేరం సార్. ఫోటోలో ఉన్నవాళ్లంతా స్టేట్‌మెంట్ రాయాలి."

ఆ కాలనీలో గేటు రంగు మీద కూడా ఏకాభిప్రాయం కుదిరింది లేదు. ఆ రోజు కుదిరింది. ఫోటోలో ఉన్నది తాము కాదు.

"గీ చెయ్యి నాది గాదు మేడం," అన్నాడు చంద్రకాంత్. "ఉంగరం జెర నా ఉంగరం లెక్కనే ఉంది గని."

"మరి ఫోటో కింద ఈ సంతకం?"

చంద్రకాంత్ ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. "గదీ నాది గాదు."

పదకొండు మందీ అదే రాశారు. అర్జీ కింద ఉన్న సంతకాలూ అవే. కాబట్టి పార్కు కావాలని ఎవరూ అడగలేదని తేలింది. అర్జీ అక్కడితో ముగిసింది.

శివరామకృష్ణ ఇంకో వాక్యం కలిపాడు: 'మధ్యలో శాలువా కప్పుకున్న స్త్రీ ఎవరో నాకు తెలియదు.'

భుజం మీదుగా హైమావతి అది చదివింది. పెన్ను లాక్కుని తన కాగితం మీద రాసింది: 'తాబేలును తెచ్చింది నేనే. తెలియక నీళ్లలో వేసిందీ నేనే. గంగాళం రెండో పక్క పట్టుకున్నాయన నా భర్త. ముప్పై ఎనిమిదేళ్లుగా తెలుసు.'

నిజం రాసింది ఆవిడొక్కతే కాబట్టి నోటీసు కూడా ఆవిడకే వచ్చింది.

నోటీసు వచ్చిన రోజు మధ్యాహ్నం హైమావతి కంచె దగ్గరికి వచ్చింది. "గుడ్లు పెట్టిందటగా బాబూ. ఒక్కసారి దూరం నుంచి చూసి వెళ్తాను."

"అప్రూవల్ కావాలమ్మా," అన్నాడు పెంటయ్య. "పనేంది?"

"తాబేలు."

పెంటయ్య రవళికి ఫోన్ చేశాడు. అవతల మోగుతూనే ఉంది. హైమావతి ఎండలో, బోర్డు పక్కన నిలబడింది.

"మేడం ఎత్తుతలేదు. సైలెంట్‌ల ఉన్నట్టుంది," అన్నాడు. "జెర ఆగు. అందాక ఆ బోర్డు సదువుకో."