పన్నెండో నంబరు ఓడ

మా అచ్చాఫీసులో మడతలన్నీ నావే. నేను బైండరుని. అందుకే ప్రూఫులు దిద్దే అక్క, "శనివారం మధ్యాహ్నం సరదాకి ఒక పోటీ పెట్టుకుందాం. కాగితంతో సముద్రపు దొంగల బొమ్మలు మడవాలి. కత్తెర లేదు, జిగురు లేదు," అనగానే అందరూ నావైపు చూశారు. జిగురు లేకుండా ఒక పనికి అంతగా అతుక్కుపోవడం నాకదే మొదలు.

మెషిన్ మాస్టారు నా భుజం మీద చెయ్యేశాడు. ఇరవై రెండేళ్లుగా మేమిద్దరం ఒకే బల్ల దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నాం. చుట్టరికమేమీ లేదు. అయినా వాడికి నేను బావని, నాకు వాడు బావ. దర్జీ పని చేసే వాళ్లావిడ నన్ను అన్నయ్యా అంటుంది, నాకు ఆమె చెల్లెమ్మ.

"బావా, ఇద్దరం కలిసి పెడదాం. నువ్వు ఓడ చెయ్యి, నేను దొంగల నాయకుణ్ణి చేస్తా. ఒకే చీటీ మీద ఇద్దరి పేర్లూ," అన్నాడు.

"ఆ సిరా వేళ్లతో మడుస్తావా?"

"మడత పేచీ పెట్టకు."

వారం రోజులు ఇంట్లో మడిచాను. మూడు తెరచాపలూ, పైన పుర్రె జెండా, అన్నీ ఒకే కాగితంలోంచి రావాలి. మొదటి ఓడ టోపీలా వచ్చింది, ఐదోది చెప్పులా. తొమ్మిదోదాన్ని చూసి మా ఆవిడ, "ఇది మునిగాక తీసిన ఫొటోనా?" అంది. పన్నెండోది నిలబడింది. మా ఆవిడ దాని చుట్టూ తిరిగి చూసి "ఊఁ" అంది. మా ఇంట్లో అంతకు మించిన బిరుదు లేదు.

మా బైండింగు గదిలో ఎప్పుడూ మైదా జిగురు తడి. తెరచాపలు వాలిపోతాయని శుక్రవారం ఓడని బావ చేతికిచ్చి, మెషిన్ గది బీరువాలో దాచమన్నాను. "సొంతదానిలా చూసుకుంటా," అన్నాడు. మాట తప్పలేదు.

శనివారం బల్ల మీద టైపు చేసే అమ్మాయి మడిచిన చిలకా, గుమాస్తా గారి ఒంటికన్ను దొంగా, మధ్యలో నా ఓడా ఉన్నాయి. బావ చేస్తానన్న నాయకుడు లేడు. ఓడ ముందు చీటీ మీద ఒకటే పేరు: మెషిన్ మాస్టారు.

నేను వాడి వైపు చూశాను. వాడు కిటికీ వైపు చూశాడు. ఈలోగా పోటీ చూడటానికి చెల్లెమ్మ వచ్చింది.

"చూశారా అన్నయ్యా, మీ బావ చేసిన ఓడ? నిన్న ఇంటికి తెచ్చి చూపిస్తే నేను నమ్మలేదు. పక్కింటివాళ్లందరికీ చెప్పేశాను."

ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఓడ నాదే, ఓడిందీ నేనే.

అయితే నాకొక అలవాటుంది. ఏ కాగితం మడిచినా అడుగు మూలన పెన్సిల్‌తో వరస నంబరు వేస్తాను. వెయ్యకపోతే పుస్తకంలో పెళ్లయ్యాక పెళ్లిచూపులొస్తాయి. ఇంట్లో ఆటకి మడిచినా చెయ్యి ఊరుకోలేదు. చెల్లెమ్మకీ తన పని అలవాటుంది కదా, కుట్టు చూడటానికి జాకెట్టు తిరగేసినట్టు ఓడని తిరగేసింది.

"పన్నెండని ఉందే. మీరు బైండు చేసిచ్చిన నా కొలతల పుస్తకంలో అంకెలూ ఇలాగే ఉంటాయి. ఇది మీ రాత కాదా అన్నయ్యా?"

 జవాబు వాడిస్తాడని ఆగాను. "నీ పేరు రాయడం మర్చిపోయాను బావా" అంటే చాలు, అబద్ధమైనా నవ్వేసేవాణ్ణి.

"కాగితం వాడి బల్ల మీంచి తీసుకున్నా," అన్నాడు వాడు. "మడత నాదే."

చీటీ చూసినప్పుడు గుచ్చుకుంది. ఈ మాటకి లోపల ఏదో తెగింది.

"అయితే ఒకసారి విప్పి మళ్లీ మడువు బావా," అన్నాను.

విప్పడం చకచకా విప్పాడు. మడవడంలో మూడో మడత దగ్గర వేళ్లు ఆగిపోయాయి. తెల్లని కాగితం మీద సిరా వేలిముద్రలు పడ్డాయి. ఇలాంటప్పుడు నవ్వించే పని నాది కాబట్టి అందరూ నావైపు తిరిగారు. సముద్రపు దొంగల పోటీలో ఇంటి దొంగ దొరికితే నాకు మాటలకి కరువా? ఒక్కటీ రాలేదు.

చెల్లెమ్మ ఆ చీటీ తీసి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అక్క కాగితాన్ని నా ముందుకు జరిపింది.

"నువ్వు మడువు. మొదటి బహుమతి నీదే."

"పదమూడోది చేసే ఓపిక లేదక్కా," అన్నాను. బహుమతి చిలకకిచ్చారు.

సోమవారం అచ్చయిన షీట్ల కట్ట వాడే మోసుకొచ్చాడు. పైన టిఫిన్ డబ్బా పెట్టుకున్నాడు.

"బావా, బీరువాలో పెట్టేముందు ఆవిడకి చూపిద్దామని ఇంటికి తీసుకెళ్లాను. 'నువ్వే చేశావా?' అంది. అంత సంబరంగా ఆవిడ నావైపు చూసి ఎన్నేళ్లయిందో. కాదనలేకపోయాను. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. నువ్వైనా..."

నిజమే చెబుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ నిజం శనివారం చెప్పాల్సింది. కట్ట దించుకుని, డబ్బా వాడి వైపు జరిపి, పై షీటు మూలన పెన్సిల్‌తో ఒకటో నంబరు వేశాను.

"ఎన్ని షీట్లు మాస్టారూ?" అన్నాను.

వాడు డబ్బా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రెండు వేలండీ," అన్నాడు.