తనంతట తాను మూసుకునే తలుపు

తలుపుకు అటు తనూ ఇటు బిడ్డా మిగిలిపోవడం. ఆమెకు అన్నిటికంటే భయం అదే. దొంగలన్నా భయం లేదు, విమానమన్నా భయం లేదు. విమానంలో ఆమె హాయిగా నిద్రపోయింది కూడా. బిడ్డ ఒళ్ళోనే ఉంది కదా, ఏదైనా అయితే ఇద్దరికీ కలిసే అవుతుందనుకుంది. ఈ దేశంలో దిగాకే భయానికి ఒక ఆకారం దొరికింది. ఇక్కడి ఇళ్ళ తలుపులు తమంతట తామే మూసుకుంటాయి. మూసుకున్న తలుపు బయటినుంచి తెరవాలంటే తాళం కార్డు కావాలి. ఆ కార్డు భర్త చొక్కా జేబులో ఉంటుంది.

"మనకి ఇంకోటి ఇవ్వరా?" అని వచ్చిన రోజే అడిగింది.

"నీకెందుకూ? నువ్వెక్కడికెళ్తావు?" అన్నాడతను బూట్లు విప్పుకుంటూ. కసురుకోలేదు. మంచినీళ్ళు ఇవ్వు అన్నంత మామూలుగా అన్నాడు.

అతన్ని కంపెనీ వాళ్ళు ఆర్నెల్ల శిక్షణకు ఇక్కడికి పంపారు. అతని వెంట ఆమెను పంపింది అత్తగారు. "దేశాలు చూసి రమ్మని కాదమ్మాయ్ నిన్ను పంపేది. వాడికి బయటి తిండి పడదు" అని ప్రయాణం రోజున గుమ్మందాకా వచ్చి మరీ చెప్పింది. కాబట్టి ఆమె చూసిన దేశమంటే ఒక వంటగది, ఒక పడగ్గది, ఒక కిటికీ, ఆదివారాలు అతని వెనక నడిచిన నాలుగు వీధులు. ఆ కాస్త దేశాన్నే రోజూ మధ్యాహ్నం చెల్లెలికి ఫోనులో వడ్డించేది.

"ఇక్కడ కుళాయికి తిప్పేది ఉండదే. కింద చెయ్యి పెడితే నీళ్ళొస్తాయి. తెలీక నేను దణ్ణం పెట్టినట్టు దాని ముందు నిలబడ్డాను."

"వరమిచ్చిందా?"

"చొక్కా చేతులు తడిపింది. ఇంకోటి విను. రోడ్డు మీద ఒక్క బండీ ఉండదు, అయినా ఎర్ర బొమ్మ వెలుగుతుంటే ఎవ్వరూ దాటరు. నేను దాటబోతే మీ బావ రెక్క పట్టుకుని లాగారు, నలుగురిలో పరువు తీస్తావా అని."

"నలుగురున్నారా?"

"ఒక ముసలాయన. ఆయన కుక్క."

చెప్పుల సంగతి చెప్పిన రోజైతే చెల్లెలు నవ్వలేక ఫోను పక్కన పెట్టేసింది. అలవాటు కొద్దీ ఆమె మొదటిరోజు ఇద్దరి చెప్పులూ గుమ్మం బయట విడిచింది. తెల్లారేసరికి రెండు జతలూ మాయం. ఈ మేడలో గుమ్మం బయట పెట్టినదేదైనా 'మాకొద్దు, తీసుకుపొండి' అన్నట్టే లెక్కట. నడవ తుడిచే బూడిదరంగు కోటావిడ తీసుకుపోయి ఎవరికో ఇచ్చేసింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నాడు భర్త.

"అయితే అక్కా, ఒకసారి బావని బయట నిలబెట్టి చూడు. ఎవరైనా పట్టుకుపోతారేమో."

"మీ బావని తీసుకున్నవాళ్ళు మర్నాడే తెచ్చి అక్కడే పెడతారు" అంది ఈమె. అని, ఎవరైనా విన్నారేమోనన్నట్టు ఖాళీ గదిలో చుట్టూ చూసింది.

చెల్లెలికి చెప్పనివి కూడా ఉన్నాయి. కదిలే మెట్ల మీద మొదటిసారి పైకి వెళ్తూ నవ్వొచ్చి నవ్వితే, "పళ్ళు లోపల పెట్టు" అన్నాడు. పొద్దున్నే లేచి అతని చొక్కా ఇస్త్రీ చేసి, వండి, బాక్సు సర్ది, అతను వెళ్ళాక గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, బట్టలు ఉతికి ఆరేసి, చంటిదానికి స్నానం చేయించి, తినిపించి, అది పడుకున్నప్పుడు రాత్రి వంటకు కూరలు తరిగి నడుం వాల్చబోతే, అతను తోటివాళ్ళతో ఫోనులో చెప్పే మాట చెవిలో మోగుతుంది: "మా ఆవిడా? ఏముంది, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది." ఇంటరు సగంలో ఉండగా మంచి సంబంధం వచ్చిందని పుస్తకాలు మూయించారు. పెళ్ళయ్యాక చదివిస్తామన్నారు. ఆ మాట అన్నవాళ్ళకే గుర్తులేదు. పోనీ, తనకేమీ తెలీదు కాబట్టే తాళం తన దగ్గర లేదేమో, తెలిసినవాళ్ళ దగ్గర ఉండటమే క్షేమమేమో అని ఆమె నిజంగానే అనుకునేది.

ఒకరోజు పొద్దున్న అతను కిందికి దిగిన కాసేపటికే ఫోను మోగింది.

"బాక్సు మర్చిపోయాను. బస్సొచ్చేస్తోంది. పట్టుకురా."

"చంటిది ఒక్కతీ..."

"ఎంతసేపు? ఊరికే పీకులాడకు, రా."

ఫోను పొయ్యి పక్కన పెట్టింది. చంటిదాన్ని గది మధ్యన బొమ్మల్లో కూర్చోబెట్టింది. తలుపు మూసుకోకుండా సందులో తన కొత్త చెప్పు ఒకటి అడ్డం పెట్టింది. ఒంటికాలి చెప్పుతో పరుగెత్తుకు వెళ్ళి బాక్సు అందించింది. "ఇంతసేపా?" అంటూ అతను బస్సెక్కేశాడు.

ఆమె పైకి వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

గుమ్మం ముందు బూడిదరంగు కోటావిడ నవ్వుతూ నిలబడి ఉంది. కాలితో తోసినట్టు చూపించి, తలుపు వైపు వేలు చూపి, గుండె మీద చెయ్యి వేసుకుంది. నీ చెప్పు మళ్ళీ బయటికి వచ్చేసింది, ఈసారి ఎవరికీ ఇవ్వలేదులే, లోపలికి నెట్టి తలుపు వేశాను అని. పాపం, మొదటిసారి తీసుకుపోయినందుకు ఇన్నాళ్ళూ బాధపడినట్టుంది.

ఈమెకు ఆ భాష రాదు. రెండు చేతులూ కలిపి బిడ్డను ఊపినట్టు ఊపి, తలుపు చూపించింది. కోటావిడ మొహం పాలిపోయింది. తుడుపు కర్ర అక్కడే పారేసి, అంత లావు మనిషీ మెట్లవైపు పరుగు తీసింది.

లోపల చంటిది ముందు నవ్వింది, తరవాత పిలిచింది, తరవాత ఏడుపు అందుకుంది. పొయ్యి మీద పాలు దించిందా? ఆర్పిందా? ఎంత తలుచుకున్నా చెయ్యి ఆర్పినట్టే ఉంటుంది, మనసు ఆర్పలేదంటుంది. ఆమె నేలమీద బోర్లా పడుకుని తలుపు కింది సందులో నోరు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. "అమ్మ ఇక్కడే ఉంది నాన్నా, ఇదిగో, ఇక్కడే." ఆ నడవలో దీపాలు మనిషి కదిలితేనే వెలుగుతాయి. కదలకుండా పడుకుంటే ఎవరూ లేరనుకుని ఆరిపోతాయి. చీకటి పడ్డప్పుడల్లా చెయ్యి పైకెత్తి ఊపుతూ, నోటితో బిడ్డను ఊరడిస్తూ, ఆమె అలాగే ఉంది. ఎవరైనా చూస్తే ఈత నేర్చుకుంటోంది అనుకునేవారు.

మేడ చూసుకునే పెద్దాయన అందరి తలుపులూ తీసే కార్డుతో వచ్చాడు. తలుపు తెరుచుకుంది. చంటిది చెంపల నిండా కన్నీళ్ళతో, నోట్లో అమ్మ చెప్పుతో కూర్చుని ఉంది. పొయ్యి చల్లగా ఉంది. ఆమె బిడ్డను ఎత్తుకుని గోడకు చేరగిలబడింది.

పెద్దాయన తన కార్డు చూపించి, ఆమె తలుపు చూపించి, రెండు వేళ్ళు ఎత్తాడు. ఎంతమంది పిల్లలని అడుగుతున్నాడనుకుని ఆమె ఒక వేలు ఎత్తింది. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ కార్డు చూపించాడు. మళ్ళీ రెండు వేళ్ళు. అప్పుడర్థమైంది. ఈ ఇంటికి రెండు కార్డులు ఇచ్చారు.

సాయంత్రం అతను రాగానే జరిగిందంతా చెప్పింది.

"గుమ్మం దాటొద్దని చెప్పానా లేదా?"

"బాక్సు తెమ్మన్నది మీరే. రెండో కార్డేది?"

"ఆఫీసు సొరుగులో ఉంది. చెప్పులే కాపాడుకోలేనిదానివి, తాళం నీకెలా ఇస్తాను?"

ఆమె పోట్లాడలేదు. ఆ పూట వంట చేసింది, వడ్డించింది. కానీ కంచం ముందు కూర్చున్న అతన్ని చూస్తుంటే ఒక మాట కడుపులో స్థిరపడింది. తెలిసినవాడి దగ్గర తాళం ఉంది, సరే. బిడ్డ లోపల ఏడుస్తుంటే ఆ తెలివి ఏ బస్సులో ఉంది?

మర్నాడు అతను బయల్దేరే వేళకు ఆమె చంటిదాన్ని చంకనెత్తుకుని, దానికి ఉన్ని టోపీ పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"జేబులోది ఇలా ఇవ్వండి. సొరుగులోది సాయంత్రం మీరు తెచ్చుకోండి."

"తమాషాగా ఉందా? బస్సు పోతుంది."

"పోతే ఇంకోటి వస్తుంది."

"మా అమ్మకి ఫోన్ చేసి చెప్పమంటావా?"

"చెప్పండి. ఎందుకు అడిగానో కూడా చెప్పండి."

అతను గడియారం చూసుకున్నాడు, ఆమెను చూశాడు. ఆమె పక్కకు తప్పుకోలేదు. కార్డు తీసి చేతిలో పెట్టి, "పోగొట్టావంటే నీ ఇష్టం" అని దిగిపోయాడు.

ఆమె బయటికి వచ్చి తలుపు మూసుకోనిచ్చింది. కార్డు పెట్టి తెరిచింది. మళ్ళీ మూసుకోనిచ్చి మళ్ళీ తెరిచింది. చంటిదానికి అది ఆటనిపించి కేరింతలు కొట్టింది. తరవాత లిఫ్టు మానేసి, మెట్లు దిగుతూ కిందికి నడిచారు. రెండో అంతస్తులో మెట్ల పక్క తలుపు వెనకనుంచి ఎవరో బిడ్డను బతిమాలుతున్న గొంతు వినిపించింది: "ఒక్క ముద్దమ్మా, ఈ ఒక్కటే, నోరు తెరువు." అచ్చ తెలుగు.

ఆనందం పట్టలేక తలుపు తట్టింది.

లోపలి గొంతు టక్కున ఆగిపోయింది. "ఆయన లేరండీ. సాయంత్రం రండి."

"ఆయన కోసం కాదండీ, పైనే ఉంటాం. మీతో మాట్లాడదామని."

"తలుపు తియ్యొద్దన్నారండీ."

"తాళం మీ దగ్గర లేదా?"

అడుగుల చప్పుడు దూరం వెళ్ళలేదు. ఆ మనిషి తలుపుకు ఆనుకునే నిలబడింది. ఆ రోజునుంచి రోజూ కాసేపు ఆ తలుపుకు ఇటొకరూ అటొకరూ కూర్చుని పిల్లల దగ్గుల గురించీ నిద్రల గురించీ చెప్పుకున్నారు. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఈలోగా శిక్షణ అయిపోయింది, ఆమె తిరిగి వచ్చేసింది. వచ్చే రోజున కూడా మొహం చూడకుండానే వెళ్ళొస్తానని చెప్పింది.

ఇప్పుడు ఆ మెట్లు దిగేవాళ్ళెవరో తెలీదు. మీరే అయితే, రెండో అంతస్తులో ఒక్క నిమిషం ఆగి ఆ తలుపు తట్టండి. "ఆయన లేరండీ" అంటుంది. వెనక్కి తిరిగిపోకండి. మిమ్మల్నే చూద్దామని వచ్చామని చెప్పి, కాసేపు అక్కడే ఉండండి.