అమ్మ ముద్ద

పిడుగురాళ్లలో సున్నం బట్టీల వెనక వీధి. బడి నుంచి వచ్చిన పూర్ణిమ బూట్లు విప్పేలోపే నానమ్మ మస్తానమ్మ అన్నం కలిపేసేది. పిల్ల చేతికి ఫోనిచ్చి, అందులో బొమ్మలు ఆడుతుండగా నోట్లో కూరేది.

"ఇది తాత ముద్ద. ఇది నాన్న ముద్ద."

తాత పోయి చానా కాలమైంది. నాన్న లారీతో ఏ రోడ్డు మీదున్నాడో. ఆఖరుది అమ్మ ముద్ద. అమ్మ హైదరాబాదులో ఎవరి బిడ్డనో ఆడిస్తోంది. కడుపు పగిలిపోతున్నా ఆ ముద్దను పూర్ణిమ వద్దనలేదు. అంటే అమ్మను వద్దన్నట్టే కదా!

ఇంట్లో తనతో పనిలేదని పూర్ణిమ ఆకలి ఎప్పుడో బయటికి పోయింది. మేకపిల్లంత ఉంటుంది, ఒళ్లంతా సున్నం దుమ్ము.

"పెద్దమ్మా, మీ పిల్ల ఆకలి మా అరుగెక్కి పడుకుంది, తోలుకుపో!" ఎదురింటి గుల్షన్ కేకేసేది.

"పడుండనీవే. దాని కోసం కూచుంటే పిల్ల చిక్కిపోదూ?"

ఒకరోజు అమ్మ ముద్ద మింగగానే పూర్ణిమ భళ్లున కక్కుకుంది.

"అమ్మను కక్కేశానే నానమ్మా," అని వెక్కివెక్కి ఏడ్చింది.

మస్తానమ్మ మూతి తుడిచి, మళ్లీ ముద్ద కలిపింది. పూర్ణిమ నోరు తెరవలేదు.

"ఏందే, అమ్మ ముద్దే!"

"అమ్మ ముద్దలో లేదు. హైదరాబాదులో ఉంది."

మస్తానమ్మ ఎత్తిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టేసింది.

మర్నాడు పూర్ణిమ ఫోను పక్కనబెట్టి, కంచం ముందు ఊరికే కూర్చుంది.

"చల్లారిపోతందే!"

"పోనీ. అది రావాలిగా."

లారీల మోత తప్ప ఇంట్లో చప్పుడు లేదు. పొద్దువాలుతుండగా ఆకలి రోడ్డు దాటి, గడప ఎక్కి, పిల్ల మోకాలి మీద తల ఆనించింది. పూర్ణిమ తన చేత్తో తానే పప్పన్నం కలుపుకుని నిమ్మళంగా తింది. కాసేపటికి ఆకలి కళ్లు మూసింది.

"చాలు," అంది పూర్ణిమ.

గరిటె ఎత్తబోయిన మస్తానమ్మ, నిద్రపోతున్న ఆకలిని చూసి దించేసింది. ఆ చేత్తో ఏం చెయ్యాలో తెలియక, ఫోను తీసి కోడలికి కలిపి మనవరాలి చెవి దగ్గర పట్టుకుంది.

"తిన్నావా బంగారం?" అమ్మ రోజూ అడిగేదే. అంతటితో పెట్టేసేదే.

"తిన్నా. ఇంకేదన్నా అడుగమ్మా."



"...జడ ఎవరేస్తున్నారే నీకు?"

పూర్ణిమ ఎంగిలి చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి చెప్పడం మొదలుపెట్టింది.